పేరుకు పనికిరాని గుర్తులు

పాత గుంతకల్లు రోడ్డులో
తిప్పేస్వామి మామ సౌండు సర్వీసు మూతబడి పదేండ్లు.
మైకులు పాత ఇనుముకు పోయినాయి.
క్యాసెట్లు మాత్రం మూడు బిస్కెట్ల అట్టపెట్టెల్లో
నాకొచ్చినాయి, నూటా నలభై రెండు.
అన్నింటి మీదా ఆయన రాత,
నీలం సిరా, చెమటకి చెదిరింది.

టేపు తిరిగినంతసేపూ తిరగనిచ్చి
ఒక్కో పాటనీ కంప్యూటర్లోకి దించుతాండా.
పాట దిగుతాది. పేరు కాడనే తగాదా.
మామ రాసినట్టే కొడితే
ఈ గుర్తు చెల్లదంటాది యంత్రం,
రేషన్ షాపులో వేలిముద్ర పడని అవ్వతో అన్నట్టు.

"మారెక్క / సుంకులమ్మ" అని రాసిండాడా మామ,
నడాన వాలుగీత.
గీత కనపడితే చాలు
అది ఇంకో గదికి వాకిలి అనుకుంటాది.
మారెక్కను బయట నిలబెట్టి
సుంకులమ్మను లోపలికి రమ్మంటాది.
ఒకే రోట్లో రెండు రోకళ్లేసి పాడినోళ్లు వాళ్లు,
ఒకరి ఊపిరి అయిపోయే చోట
ఇంకొకరు అందుకొనే పాట.
యాడ కోసేది?

గీత తీసేసి
మారెక్కా సుంకులమ్మా అని రాసినా.
ఒప్పుకొనింది.
చివర్ల రెండు దీర్ఘాలు, అంతే,
చేతులు పట్టుకున్నట్టు.

"తిరునాళ : రెండో రాత్రి"లో
సిగ్నలు స్తంభం మీది దీపాల మాదిరి
ఒకదాని కింద ఒకటి రెండు చుక్కలు.
అవీ వద్దంది. ఆర్పేసినా.

నక్షత్రం కథ వేరే.
పద్నాలుగు పాటల పక్కన నక్షత్రం పెట్టిండాడు.
నక్షత్రమంటే యంత్రానికి "అన్నీ" అని అర్థమంట,
ఏదో ఒకదానికి పెట్టనియ్యదు.
మామకేమి అర్థమో?
బాగా కుదిరినవేమో అనుకుంటే
వాటిల్లో రెండు శ్రుతే తప్పినాయి.
నాలుగోది వింటాంటే తెలిసింది:
చరణం మరిచిపోయి సుంకులమ్మ నవ్వింది.
ఐదోదాంట్లోనూ నవ్వింది.
అన్నింట్లో.
మా అత్త పేరు సుంకులమ్మ కాదు.
ఆ పద్నాలుగింటికీ ఏ గుర్తూ పెట్టలేదు నేను.

ఆఖరి క్యాసెట్టు మీద
పేరు లేదు, ఊరు లేదు, తేదీ లేదు.
కొక్కెం మాదిరి ఒక్క ప్రశ్నార్థకం.
అది తీసేస్తే ఏమీ మిగలదు,
ఏమీ లేని పేరునూ యంత్రం ఒప్పుకోదు.

విన్నా.
బళ్లారి వైపు పోయే గూడ్సు బండి, చానాసేపు.
కుక్క. ఎవరో గాజులు పైకి తోసుకున్న చప్పుడు.
మామ గొంతు, నేనెప్పుడూ విననంత మెత్తన:
"పాడతావా?"
అంతే. టేపు అయిపోయేదంకా ఉత్త రొద,
ఇరవై రెండు నిమిషాలు.

పాడతావా అని కొట్టినా, కొక్కెం లేకుండా.
తీసుకొనింది.
ప్రశ్న ఆ దీర్ఘంలోనే ఉండాదని
దానికి తెలీదు.