మైనం పోయకముందు

స్వాన్సీకి పైన, లోయలో,
లాండ్రీ దుకాణం వెనక గది నాది.
గోడకవతల పొద్దస్తమానం ఎవరివో దుప్పట్లు గిరగిర తిరుగుతుంటాయి.
ఇవతల నేను
వెంట్రుకకన్నా సన్నని రాగితీగను
ఎనిమిదివేల చుట్లు చుడుతూ
మధ్యమధ్య లెక్క తప్పుతుంటాను.

మంగళవారం వానలో గెథిన్ వచ్చాడు.
తలమీద ఏమీ లేదు,
గిటారు పెట్టెకు మాత్రం చెత్తసంచి తొడిగాడు.
"పికప్పులు మార్చెయ్ నెరిస్,
కాస్త గొంతు పెంచితే చాలు, ఈల వేస్తోంది.
ఏవైనా సరే. ఈల వెయ్యనివి."

ఏవైనా సరే అన్న మనిషి
మూడు గంటలు కూర్చున్నాడు.

మొదటి జత తగిలించాను.
టంకం చల్లారకముందే మీటాడు.
"మరీ తీపి. పాకం ముదిరింది."
రెండోది.
"పళ్ళు తోముకుని పెళ్ళికొచ్చినట్టుంది."
మూడోది ఖరీదైంది, జంట చుట్టలది.
ఒకదాని రొదను రెండోది మింగేస్తుంది.
వేళ్ళు ఆగగానే
కరెంటు పోయినంత నిశ్శబ్దం.
"ఇందులో నేనెక్కడున్నాను?" అన్నాడు.
నవ్వొచ్చింది నాకు. జవాబు రాలేదు.

మీటరు పెట్టి చూపించాను:
ఏడు పాయింట్ రెండు కిలో ఓమ్‌లు,
ఆరు పాయింట్ తొమ్మిది.
ముప్పైయేళ్ళు ఉక్కు కొలిమి దగ్గర
అంకెలు చూసి బతికినవాడు.
"అంకె అబద్ధం చెప్పదు," అన్నాడు,
"అడిగింది కూడా చెప్పదు."

అప్పుడు చెప్పాను,
దుకాణం నడిపేవాళ్ళు చెప్పకూడని మాట.
నీ పాతవాటిలో మైనం ఎండి రాలిపోయింది.
చుట్లు వదులయ్యాయి.
వదులైన చుట్టు ప్రతిదానికీ వణుకుతుంది,
తీగకే కాదు,
బల్లమీద కప్పు పెట్టినా, గోరు తగిలినా.
కరిగిన మైనంలో ఇరవై నిమిషాలు ముంచితే
నోరు మూసుకుంటాయి.
కొత్తవి కొననక్కర్లేదు.

గోడలకు చెవులుంటాయంటారు.
ఈ ముసలి పికప్పుకి
చెవులు తప్ప ఇంకేం మిగల్లేదు.

అతను ఒప్పుకోలేదు, కాదనలేదు.
మెడ దగ్గరిది మళ్ళీ తగిలించమన్నాడు.
తీగలమీద అరచెయ్యి పరిచి
నోరు దానిమీదికి వంచి
సిగ్గుపడుతూ,
"ఈన్, డై, త్రీ, పెద్వార్."
ఒకటి, రెండు, మూడు, నాలుగు. మా అంకెలు.
ఆంప్‌లోంచి వచ్చింది
రేకుడబ్బాలో పెట్టి మూతేసిన గొంతు.

"రగ్బీ క్లబ్బులో మైకు చచ్చిపోయిన రాత్రి
ఇడ్వాల్ డ్రమ్ముల వెనకనుంచి లేచొచ్చి
ఇందులోకే అరిచాడు.
నా బొడ్డుతో మాట్లాడుతున్నాడని జనం ఒకటే నవ్వు.
ఆ తర్వాత మైకు బాగున్నా అంతే,
ప్రతి పాటకీ లేచొచ్చేవాడు, వెధవ.
మొన్న నవంబర్లో..."

లాండ్రీలో ఏదో యంత్రం ఆఖరి తిప్పుడుకొచ్చి
గోడ వణికింది.
ఆ వణుకూ ఆంప్‌లో వినిపించింది.

మైనం గిన్నె వేడెక్కుతూనే ఉంది.
చుట్లలో ఎవరి గొంతూ దాక్కోదు,
చుట్టేదాన్ని, నాకు తెలుసు.
రాగికి జ్ఞాపకం లేదు.
ముంచితే పోయేది
వినే గుణం ఒక్కటే.
ఈ మాట మాత్రం అతనికి చెప్పలేదు.

చివరికి వంతెన దగ్గరిదొక్కటే మార్పించుకున్నాడు,
పళ్ళు తోముకున్నదాన్ని.
"శనివారం వాయించాలిగా."
మెడ దగ్గరిది ఈల వేస్తే?
"స్విచ్చుంది కదా," అన్నాడు,
సగం జతకి డబ్బిచ్చి
పెట్టెకు మళ్ళీ చెత్తసంచి తొడుగుతూ.

మిగిలిన సగం నా సొరుగులో ఉంది.
ఒంటిది అడిగేవాళ్ళు ఎప్పుడొస్తారో.

దీపాలార్పేముందు గిన్నె స్విచ్ తీశాను.
పైన పలచని పొర కట్టింది.
వేలు ఆనిస్తే ముద్ర పడింది.
రేపు మళ్ళీ కరిగించాలి.