వేలి కొలత

మొదటిసారి తామర అని రాశాను.
రెండోసారి గజ్జి అనుకుని
ఇంటిల్లిపాదికీ మెడ నుంచి పాదాల దాకా మందు పూయించాను,
బొంతలన్నీ ఉడకబెట్టించాను.
మూడోసారి మారెక్క స్టూలు మీద కూర్చోలేదు.
కొడుకు మోచేతి మడత విప్పి నా బల్ల మీద పెట్టింది,
లెక్క తప్పిన పలక తెచ్చి పెట్టినట్టు.

"రాత్రంతా గీరుకుంటాండాడు సార్.
చేతులకు సాక్సులు కట్టినాం, పండ్లతో పీక్కుంటాండాడు.
వంకాయ బందు పెట్టినాం, గుడ్డు బందు, చెనిక్కాయ బందు.
ఇంగ ఏం బందు పెట్టాల?"

కణేకల్లు గాలి కిటికీలోంచి ఇసుక తెచ్చి
ఓపీ రిజిస్టరు మీద పోస్తోంది.
నా చదువు మొత్తంలో చర్మానికి ఇచ్చింది పదిహేను రోజులు.
అందులో నేను కునికినవి మూడు.

ఆ సాయంత్రం అనంతపురానికి ఫోన్ చేశాను, జుబేదా మేడమ్‌కి.
ఫొటో పంపుతానంటే ఆగమన్నారు.
"వాళ్ళమ్మ రాత్రి ఎన్నిసార్లు లేస్తుంది?"
తెలీదన్నాను.
"పిల్లాడు ఏ పక్కన పడుకుంటాడు?"
తెలీదు.
"మోకాలి వెనక మడతలు తర్వాత చూద్దువు,
ముందు ఆ రాత్రిని చూడు."

వాళ్ళింట్లో కుక్కర్ కూస్తోంది. కూతకీ కూతకీ మధ్య పాఠం.
"చూపుడువేలి చివరి గణుపు మీద ట్యూబు నొక్కితే ఒక గీత.
అది రెండు అరచేతులంత మేరకు సరి.
పిల్లాడి వేలు కాదయ్యా, వాళ్ళమ్మ వేలు.
'కొంచెం పూయండి' అని మాత్రం రాయకు.
కొంచెమంటే భయపడే తల్లికి ఆవగింజ,
విసిగిన తల్లికి ట్యూబు మొత్తం.
నీళ్ళు పోసిన ఒళ్ళు ఆరకముందే వాసెలిన్ పట్టించమను.
సున్నిపిండితో రుద్దొద్దను. గుడ్డు ఊరికే మాన్పించొద్దను.
వేపాకు మీద కోపం తెచ్చుకోకు, వాళ్ళత్త చూస్తుంటుంది.
ఇంకో సంగతి,
అంటుకోదని చెబితే చాలదు, నువ్వు అంటుకుని చూపించు."

మర్నాడు చీటీ వెనక నా వేలు గీశాను.
మారెక్క తన వేలు దాని పక్కన ఆనించి నవ్వింది.
"నాది పొట్టిది సార్,
చెనిక్కాయలొలిచి అరిగిపోయింది."
కొట్టేసి, ఆ అరిగిన వేలే గీశాను.

అంగన్‌వాడీలో వన్నూరప్పది తలుపు దగ్గర వేరే చాప.
వెళ్ళి ఆ చాప మీదే కూర్చున్నాను.
వాడి పళ్ళెంలోంచి ఒక ముద్ద అడిగాను.
పెట్టలేదు.
ఆ రోజు గుడ్డు. నెలల తర్వాత వాడికి మొదటిది.

మందులషాపు సుంకన్నతో
అన్నీ కలిపిన ఆ ట్యూబు గురించి తగువు పెట్టుకున్నాను,
గెలవలేదు.

పూర్తిగా ఎప్పుడు పోతుందని మారెక్క అడగలేదు,
నేనే చెప్పాల్సి వచ్చింది.
తగ్గుతుంది, ఆషాఢం గాలికి మళ్ళీ లేస్తుంది.
పెద్దయ్యేకొద్దీ చాలామందిని వదిలేస్తుంది,
తేదీ మాత్రం నా దగ్గర లేదు.
ఆ మాట నోటికి రావడానికి మూడు వారాలు పట్టింది.

నిన్న తనొక్కతే వచ్చింది.
కొంగు ముడిలో అదే చీటీ, రాత్రికొక బొగ్గుగీత.
పద్నాలుగింటిలో అడ్డంగా కొట్టినవి మూడే.
"పిల్లోడేడీ?" అన్నాను, కంగారుగానే.

"పండుకోనుండాడు సార్" అంది
గొంతు బాగా తగ్గించి,
వాడు పక్క గదిలోనే ఉన్నట్టు.