మొదటి పిల్లల పేర్లు

గుంటూరు యార్డులో ఏప్రిల్ మధ్యాహ్నం
ఎవరి కంట నీరు కారినా
ఎందుకని అడగరు.

సలోమి తొడిమలు తీస్తోంది.
పిల్ల పోయి పదకొండో రోజు.
పెద్దాసుపత్రి, జ్వరాల వార్డు, గోడవైపు మంచం.

పాస్టరుగారు ఎండనపడి వచ్చారు, మంచి మనిషి.
తేజా కాయల కుప్ప పక్కన గోనెసంచి మీద కూర్చుని
తుమ్ముల మధ్య యోబు కథ చెప్పారు.
అన్నీ పోయినవాడికి అన్నీ తిరిగొచ్చాయట:
గొర్రెలు రెండింతలు,
పిల్లలు పదిమందికి పదిమంది.

"తర్వాత పుట్టిన ఆడపిల్లల పేర్లున్నయ్ గదయ్యా,
యెమీమా, కెజీయా...
ముందు పోయినోళ్ల పేర్లు ఏ పేజీలో ఉండయ్?"

ఆయన వెతికారు.
చాలాసేపు వెతికారు.

నేను కాటా గుమస్తాని.
కర్మంటే పాత బాకీ కొత్త పద్దుకెక్కడమని
మా నాన్న చెబితే నమ్మినవాణ్ణి.
ఆరేళ్ల పిల్ల ఖాతాలో
ఏ అప్పు రాయాలో తెలియక
పెన్ను మూత తీసి, పెట్టి, తీసి.

కారం చేత్తో కన్ను తుడుచుకోకూడదు.
సలోమి చెంపను భుజానికి రాసుకుని
ఇంకో కాయ అందుకుంది.

సాయంత్రం కూలి లెక్కలప్పుడు
పిల్ల పేరేంటని అడిగాను.
ఆమె పేరు పక్కన, కిలోలు వేసే గడిలో
హెప్సిబా అని రాశాను.
రెండు గడులు పట్టింది.