కిలో చక్కెర

ఇస్తాంబుల్. రాత్రి డ్యూటీ. పధ్నాలుగో కౌంటరు.
బెల్టు మీద పెట్టె కూలబడుతుంది.
ఎర్రంకెలు కాసేపు తూలి, నిలదొక్కుకుని, ఒక మాట మీదికొస్తాయి.
అప్పుడందరూ నా మొహంలోకి చూస్తారు,
ఆ అంకెను నేనే కని అక్కడ పడుకోబెట్టినట్టు.

నేను చెబుతాను. పన్నెండేళ్లుగా అవే మాటలు.
అట్లాంటిక్ దాటేవాళ్లకు పెట్టెల లెక్క: రెండు, ఒక్కోటీ ఇరవై మూడు.
తూర్పుకెళ్లేవాళ్లకు కిలోల లెక్క: మొత్తం ముప్పై,
ఎన్ని సంచుల్లో కుక్కుకుంటారో మీ ఇష్టం.
పొడవూ వెడల్పూ ఎత్తూ కూడితే నూట యాభై ఎనిమిది దాటకూడదు.
ఎందుకూ అంటారా, నేనూ అడిగాను. సూపర్‌వైజరు ఆవలించాడు.
చంటిపిల్లకు పది. తోపుడుబండి ఉచితం.
చితాభస్మం, కాగితాలుంటే, చేతిసంచీతోపాటు వెళ్తుంది.
మోసుకొచ్చినాయన ఒకసారి దాన్ని కూడా తూచమన్నాడు.
మూడు కిలోల వంద. ఆయన దగ్గర ఏమీ తీసుకోలేదు.
ఎక్కువైతే కిలోకి పదకొండు డాలర్లు.
వంద గ్రాములు దాటినా కిలో కిందే లెక్క.
ఈ చివరి వాక్యం దగ్గర నా గొంతు తగ్గుతుంది, ఎందుకో.

తాజిగుల్ సోమవారాలు వస్తుంది, బిష్కెక్ విమానానికి.
లాలేలి సందుల్లో బేరమాడి కొన్న జిప్పులు, గుండీలు, పిల్లల కోట్లు.
ఒంటిమీదున్నది కంపెనీ తూచదని
ఆగస్టులో మూడు తోలు జాకెట్లు తొడుక్కుని
చెమటలు కక్కుతూ దొరసానిలా నిలబడుతుంది.
జేబుల నిండా గుండీలు. నడిస్తే రేకుల మీద వాన.
ఆమె కిర్గీజూ నా తుర్కీ దాయాదులు.
మాటలు సగమే కలుస్తాయి,
అంకెలు మాత్రం తోబుట్టువులు.

ఆ సోమవారం ముప్పై పాయింట్ రెండు.
"పదకొండు డాలర్లు," అన్నాను.
వాదించలేదు. చేతిసంచీలోంచి
సీలు విప్పని కిలో చక్కెర పొట్లం తీసింది.
పెట్టెను కిందికి దించి, పొట్లాన్ని బెల్టు నడిమధ్యన
పాపాయిని పెట్టినట్టు పెట్టింది.

ఒకటి పాయింట్ రెండు.

వెనక వరుసలో గుసగుసలు ఆగాయి.
"పదిహేడేళ్లుగా తూచి కొంటున్నా, తూచి అమ్ముతున్నా," అంది,
"తప్పు నా చేతిదా, కూతురా, నీ బెల్టుదా?"

మెకానిక్ వచ్చాడు. తనిఖీ స్టిక్కరు మీద మార్చి దాకా గడువుంది.
పదకొండు నిమిషాలు, ఒక స్క్రూడ్రైవరు. "దుమ్ము," అన్నాడు.
"ఎప్పట్నుంచీ?"
భుజాలెగరేశాడు.

ఎప్పట్నుంచీ.
డకార్ వెళ్లే పిల్ల ఆలివ్‌కాయల సీసాను
చెత్తబుట్టలో వెయ్యలేక, పక్కన నేలమీద నిలబెట్టి వెళ్లింది.
తాష్కెంట్ ముసలాయన కొత్త బూట్లు పెట్టెలోంచి తీసి వేసుకుని
పాతవాటి వైపు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.
రెండు పుస్తకాల్లో ఏది వదలాలో తేల్చుకోలేక
ఒక కుర్రాడు నన్నే ఎంచమన్నాడు. సన్నదాన్ని ఉంచుకోమన్నాను.
ఎంత కచ్చితంగా చెప్పాను అందరికీ.
ఎంత మర్యాదగా!

తాజిగుల్ పెట్టె మళ్లీ ఎక్కింది. సరిగ్గా ముప్పై.
రసీదు అక్కర్లేని మనిషిలా నవ్వి, గలగలమంటూ వెళ్లిపోయింది.
"నీ చక్కెర!" అని కేకేశాను.
"అది నా ముప్పైలో లేదు," అంది, తిరక్కుండానే.

ఇప్పుడది నా కుర్చీ కింద ఉంటుంది.
కౌంటరు తెరిచే ముందు, ఎవరూ చూడకుండా, బెల్టు మీద పెడతాను.
ఒకటి. ఒకటి. ఒకటి.
నిన్న పొట్లం మూల చిరిగింది. ఎంత రాలిందో తెలీదు,
అట్టడుగున మాత్రం చీమలు.
సున్నా పాయింట్ తొమ్మిది.
చక్కెరను నమ్మాలో బెల్టును నమ్మాలో తెలీక
అంకె వైపే చూస్తూ నిలబడ్డాను.
వరుసలో మొదటివాడు దగ్గాడు.