మొహం కనపడని మాట

రాణిగారితోటలో రాత్రి తొమ్మిదిన్నరకి
నా ఇస్త్రీపెట్టెలో బొగ్గులు చల్లారేవేళ
పక్క కిరాణా కొట్టు టీవీ ముందు
బాజీ చాచా స్టూలు వేసుక్కూర్చుంటాడు.
గాంధీనగర్‌లో ముప్పైయేళ్ళు
ప్రొజెక్టరు నడిపిన చేతులు
ఇప్పుడు ఊరికే మోకాళ్ళమీద ఉంటాయి.

ఆటేంటంటే, ఒక ఇల్లు, పధ్నాలుగు మంది,
మనిషికో కుండ.
ఎవరు పోవాలో వాళ్ళ కుండలో
వారానికోసారి గులకరాయి వెయ్యాలి,
ఎవరూ చూడకుండా.
మన సువార్త అందులో ఉంది.
కరకట్ట కింద మూడో సందు, కబడ్డీ సువార్త.

మేం ఆటని చూసేవాళ్ళం.
చాచా కత్తెరని చూసేవాడు.
"ఆ గ్లాసు చూడు, ఇందాక సగముంది,
ఇప్పుడు నిండుగా ఉంది.
తాగేకొద్దీ నీళ్ళు పెరుగుతాయా ఎక్కడన్నా?"
"ఆ ఇంట్లో గోడగడియారం ఎందుకు లేదనుకున్నావ్?"
"ఎవరికి వాళ్ళమ్మ గుర్తొస్తే
ఆ వారం వాళ్ళు పెట్టె సర్దుకోవాల్సిందే.
పంపించేముందు ఏడిపించటం మర్యాద."
ఆరువారాల్లో ఐదుసార్లు నిజమైంది.
కిరాణా పిచ్చేశ్వరరావు పందేలు కాసి
మూడొందల యాభై, ఒక శనగనూనె ప్యాకెట్టు పోగొట్టుకున్నాడు.

సువార్త అరవదు.
వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ
రెండు జట్లకీ రెండో మనిషిగా ఉంది.
"మొదటి మనిషి మీద రాయి పడుద్ది,
చివరి మనిషి మీద జాలి పడుద్ది,
రెండో మనిషిని లెక్కపెట్టటం మర్చిపోతారు,"
అన్నాడు చాచా,
కూతకెళ్ళి, ఎవర్నీ తాకకుండా,
ఊపిరి మిగుల్చుకుని తిరిగొచ్చినవాళ్ళని మెచ్చుకున్నట్టు.

ఏడోవారం తిలక్ కుండలో రాయి వేసింది.
అన్నం పెట్టి, ఒట్టు పెట్టి, వేసింది.
తెరమీద తిలక్ మొహం, కళ్ళనిండా నీళ్ళు,
దానిమీద సువార్త గొంతు:
"నమ్మినందుకు తప్పు అతనిదే."

ఆ రాత్రి సందులో తలుపులు గట్టిగా పడ్డాయి.
పొద్దున పంపు దగ్గర వాళ్ళక్క బిందెని
ఎవరో వెనక్కి జరిపారు.

చాచా ఒక్కడే ఒప్పుకోలేదు.
"మాట ఆమెది, మొహం అతనిది.
మొహం కనపడని మాటని నమ్మొద్దు.
ముందు షాటులో జడ తడిగా ఉంది,
తర్వాత షాటులో ఆరిపోయింది.
మధ్యలో ఒక పూట ఎగిరిపోయింది.
ఆ పూటలో ఏమందో, ఎవర్నందో!"
బండి దగ్గరికొచ్చిన ప్రతివాళ్ళకీ
నేనూ అదే చెప్పాను,
మడత నలగని నమ్మకంతో.

పదోవారం ఆమె వచ్చేసింది,
వాళ్ళమ్మని తలుచుకోకుండానే.
చాచా లెక్క అప్పుడు రెండోసారి తప్పింది.
బస్టాండు నుంచి ఆటో, ఒక్క పెట్టె.
రెండ్రోజులకి జాకెట్లు ఇస్త్రీకి తెచ్చింది.
చాచా ఆగలేకపోయాడు.
"ఆ మాట నువ్వన్లేదు కదమ్మా?"

"అన్నాను చాచా.
అదే మాట. అతన్నే.
కెమెరా అటు తిరిగుంది, అంతే.
జడంటావా, ఆ ఇంట్లో హెయిర్ డ్రయరు ఉంది."

నా చేతికింద జాకెట్టు అంచు కమిలింది.

"ఆ తర్వాత తిలక్ నవ్వాడు," అంది.
"'వచ్చేవారం నీకు ఇదే చేద్దామనుకున్నా,
ముందు నీకు తట్టింది' అని చెయ్యి కలిపాడు.
అది వేశారా?"

వెయ్యలేదు.

చాచా చాలాసేపు గోళ్ళు చూసుకున్నాడు.
తర్వాత, ఎవరూ అడక్కుండా,
ఎండాకాలం సెకండ్ షోల సంగతి చెప్పాడు.
జనానికి ఆఖరి సిటీ బస్సు దొరకాలని
మేనేజరు చెబితే రీలుకో ముక్క తీసేసేవాడట.
ఒకసారి హీరో క్షమించమని అడిగే ముక్క పోయింది.
వారమంతా జనం వాణ్ణి తిట్టుకుంటూ బస్సెక్కారు.
అది ఇంకా బిస్కెట్ల డబ్బాలో ఉందట.
దీపానికి అడ్డంపెట్టి చూస్తే
నోరు తెరిచి ఉంటాడట.

శుక్రవారం స్టూలు పక్కన ఇంకో స్టూలు.
తెరమీద ఎవరో కుర్రాడు
వాళ్ళమ్మ చేతి చారు తలుచుకుంటున్నాడు.
"పోతాడు," అన్నాడు చాచా.
"పోడు," అంది సువార్త మరమరాలు నములుతూ.
"వీడికి రెండు రాళ్ళకి మించి పడవు.
ఏడుపు వాళ్ళు వేస్తారు చాచా.
రాళ్ళు మేం వేస్తాం."

పిచ్చేశ్వరరావు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి
గల్లాపెట్టె తెరిచాడు.