మంగపేట రేవుల వాలుగ

అయిసు లారీ ఆపి ఫోను సూపెట్టినవు, వీర్రాజూ.
మీ కాకినాడ దిక్కు ఒడ్డు మీద ఒకడు
నడుముకు తోలుపట్టీ బిగిచ్చి
అలల అవుతలికి ఎర ఇసిరిండు.
సొర వచ్చింది.
ఇసుక మీద అది కొట్టుకుంటుంటె
చుట్టూ సెల్లులు లేచినయి.

"నీళ్ళ రంగు మారే చోటే వెయ్యాలండి.
రెండు ఇసకదిబ్బల మధ్య లోతుంటాది చూడండి,
అదే దాని దారి.
పోటెక్కేటప్పుడు, పొద్దుగూకాక"
అని నువ్వు చెప్తుంటె
నాకు మా చిన్నమ్మ బుచ్చవ్వ గొంతు ఇనబడ్డది.

మాకు సముద్రం లేదు.
గోదారున్నది, దాంట్ల వాలుగున్నది.
పొలుసు లేని ఒళ్ళు,
కండ్లు దాటి చీలిన నోరు,
పగలు మడుగు అడుగున పడుకొని
రాత్రి ఒడ్డు పొంటి తిరుగుతది, బాకీ వసూలుకు వచ్చినట్టు.

బుచ్చవ్వ చెప్పేది:
కొత్తనీళ్ళు దిగినంక మొదటి రోజు చెత్త,
రెండో రోజు నురుగు,
మూడో రోజు ఆకలి.
ఆ మూడో రోజు పో.
దారం కొరుకుతది, గాలానికి సైకిలు బ్రేకు తీగ కట్టు.
బరువుకు ట్రాక్టరు నట్టు చాలు.
కొర్రమట్ట పిల్లను వీపుల గుచ్చు, ఎన్నుపూసకు తగలనియ్యకు,
ఎర బతికుంటెనే పిలుస్తది.
వెదురుకర్ర పాతి దానికొక గజ్జె కట్టు.
ఒక్కసారి మోగితె పరక, ఊకో.
ఆగి ఆగి మోగితె తాబేలు, తిట్టు.
మోగుడు ఆగకుంటె లెవ్వు.

లేచినంక గుంజకు. మింగనియ్యి.
పది లెక్కపెట్టు.

ఆమెకు లెక్క రాదు.
అందుకే మొగడు అప్పుపడ్డోల్ల పేర్లు
పదీ వరుసగ చదివేది.
ఆఖరి పేరుకు గుంజేది.
చాన కసిగ గుంజేది.

ఆమెకు తెల్వని సంగతి ఒక్కటే.
మీ పోటు పంచాంగంల ఉంటది, వీర్రాజూ.
మా పోటు పైన బరాజు కాడ
గేట్లు ఎత్తెటోని చేతుల ఉంటది.
సైరను ఊదితె ఊదిండు,
నిద్రపోతె పోయిండు.

ఆషాఢం ఆఖరున, మూడో రోజు.
అర్ధరాత్రి దాటినంక గజ్జె మోగింది.
ఆగలే.

నా పది పేర్లు వేరే ఉన్నయి:
సంఘం, బండి ఫైనాన్సు, వలల సేటు, బామ్మర్ది,
ఇంక ఆరు నీకెందుకు.
చదివిన. గుంజిన.
నది మొత్తం నా దిక్కు మర్రింది.

మడిమెలు ఇసుకల దిగినయి.
తాడు నడుముకు రెండు సుట్లు తిప్పుకున్న,
పట్టీ లేదు, పాత తువ్వాల ఉన్నది.
అది పోతుంటె పోనిచ్చిన,
ఆగితె జానెడు తెచ్చుకున్న,
తెచ్చుకున్న జానెడు మళ్ళ పోగొట్టుకున్న.
అరచెయ్యి తెగింది, తెలువలే.
గంటయిందో, ఇంక ఎక్కువో.

ఉన్నట్టుండి తాడు వదులయింది.
తెంపుకున్నదనుకున్న.
కాదు. మోకాళ్ళ కాడి నీళ్ళు పిక్కల కాడున్నయి,
జరసేపటికి మడమల కాడ.
పైన గేట్లు మూసిన్రు.

టార్చి ఏసి సూశ్న.
చాపంత గుంటల, నా ఎత్తుకు జానెడు తక్కువ,
వీపు గాలికి తేలి పండుకున్నది.
నన్ను సూడలే.
నోరు తెరుస్తున్నది, మూస్తున్నది,
తెరుస్తున్నది, మూస్తున్నది.
ఎవల పేర్లు చదువుతున్నదో.

పది దాక ఆగిన.
పదకొండుకు ఎత్తుకున్న.

పొద్దుగాల నీ లారీలనే ఎక్కింది.
"ఎంతసేపు కొట్లాడిందండి?" అన్నవు.
గంట అన్న.
అబద్ధం కాదు, మొత్తం కాదు.
పైసలు లెక్కపెట్టి సంఘానికి కట్టిన,
ఒక పేరు తగ్గింది,
గజ్జె మాత్రం ఆ కర్రకే ఉన్నది, గాలికి కూడ మోగుతది,
పండుకోనియ్యదు.

మళ్ళ మీ దిక్కు పోయినప్పుడు
ఆ సొరను గుంజినోన్ని ఒక్క మాట అడుగు:
సముద్రాన్ని కూడ ఎవలన్న మూస్తరా?