మూడడుగుల అవతల

గ్రిమ్స్‌బీ రేవు పక్కన, పాత పీపాల గిడ్డంగిలో
ఇప్పుడు చేపల ఓడల మ్యూజియం.
ఫోటోల కింద అట్టముక్కల మీద నాలుగు మాటలు రాయడం
ఈనిడ్ థాక్రే ఉద్యోగం.
ఒక్కో అట్టకి నలభై మాటలు.
నలభై ఒకటోది పడితే జీతం కోయరు గానీ
మేనేజరు కళ్లజోడు పైనుంచి చూస్తాడు.

ఫోటోలో ఎనిమిది మంది. యాభై ఐదు, జనవరి.
వెనక ఎడిత్ కాల్డర్ అనే ఓడ, తాళ్ల మీద పేరుకున్న మంచు.
కుడి చివర వంటగది కుర్రాడు విల్ఫ్, పదహారేళ్లు,
భుజాలు జారిపోతున్న కోటు వేసుకుని
ఫోటో తీసేవాడి వెనక ఎవరినో చూసి నవ్వుతున్నాడు.

ఈనిడ్ పేర్లు రాసి, కామా పెట్టి,
హూ వుడ్ అని మొదలుపెట్టింది.
పదకొండు రోజులు, ఐస్‌లాండ్, తుఫాను, అన్నీ అందులో పట్టాయి.

ఆ వుడ్ ఒక వింత మాట.
తెలుగులో రాస్తే దానికీ చెక్కకీ తేడా కనబడదు.
చెక్కే అది, నిన్నటి ఒడ్డు నుంచి రేపటికి వేసిన బల్ల.
అవతలి కొస దేనిమీద ఆనిందో
నడిచేవాళ్లకి తెలియదు,
రాసేవాళ్లకి తెలుసు.

మంగళవారం మధ్యాహ్నం, వానకి తడిసిన టోపీతో
డల్సీ మార్‌ఫ్లీట్ వచ్చింది. ఎనభై ఎనిమిదేళ్లు.
అట్ట చదివి ఈనిడ్‌ని పిలిపించింది.
"ఫోటో అయినా పూర్తిగా తీయించుకోనివ్వలేదు కదమ్మా,
అప్పుడే ముంచేశావు."
తర్వాత, తొమ్మిదోవాడు ఏడీ అని అడిగింది.

తొమ్మిదోవాడు లెస్లీ, వలలు బాగుచేసేవాడు.
ఆ పొద్దున పన్ను సలుపు, దవడ బూరెలా పొంగింది.
డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని ఉండగా
ఓడ కూత వినబడింది.
వెళ్లి ఉంటే పోయి ఉండేవాడు.
వెళ్లలేదు. డల్సీని చేసుకున్నాడు.
చేపల వేపుడు కొట్టు పెట్టాడు.
నలభై ఏడేళ్లు ఆ "ఉండేవాడు"లోనే కాపురం.
బజార్లో ఎవరు కలిసినా పరిచయం ఒకటే:
ఇదిగో, ఆ ఓడలో ఉండాల్సినవాడు.
నూనె కాగిందో లేదో చూడ్డానికి పిండిచుక్క వేసి,
అది మునిగి తేలేదాకా
ఊపిరి బిగబట్టేవాడట.

ఇదంతా ఈనిడే చెప్పింది నాకు,
మ్యూజియం మెట్ల మీద సిగరెట్ ముట్టించుకుంటూ.
గాలికి మూడు పుల్లలు ఆరిపోయాయి.
"మీ భాషలో ఎలా అంటారు దీన్ని?"

మా దగ్గర రాత నుదుటి మీదే ఉంటుంది, అన్నాను.
మునిగిపోబోయే విల్ఫ్.
మనిషి గుమ్మంలోకి రాకముందే
అతని చావు వచ్చి కుర్చీలో కూర్చుంటుంది.
మీరే నయం, ముందు మనిషిని పిలుస్తారు,
కామా దగ్గర కాస్త ఆగుతారు,
ఆ కాస్తసేపూ అతను బతికే ఉంటాడు.

ఆమె ఏమీ అనలేదు.
సిగరెట్ సగంలోనే నలిపేసి లోపలికి వెళ్లిపోయింది.

గురువారం మళ్లీ వెళ్తే అట్ట రెండు ముక్కలైంది.
ఫోటో కింద ఎనిమిది పేర్లు, పొద్దున ఏడుంబావు, మంచు.
హూ వుడ్ నుంచి మిగతాదంతా
ఎదుటి గోడ మీద, మూడడుగుల అవతల.
ఆ రెంటి మధ్య స్కూలు పిల్లలు తోసుకుంటూ పరుగెడుతున్నారు,
టీచరు అరుస్తోంది.
లెస్లీ కోసం ఒక మేకు మాత్రం కొట్టి ఉంది.
మేనేజరు ఇంకా ఒప్పుకోలేదట.

తిరుగు రైల్లో, టికెట్ వెనక,
తెలుగులో ప్రయత్నించాను.
ఆ "బోయే"ని ఎక్కడ దాచినా
మనిషిని తోసుకుని ముందుకి వచ్చేస్తుంది.
డాంకాస్టర్ దాటాక అంతా కొట్టేసి
ఇంతే ఉంచాను:

విల్ఫ్ నవ్వుతున్నాడు.
కోటు అతనిది కాదు.